మానసిక ఆసుపత్రిలో చేరిక: సొంత ఇష్టంతోనా, ఇంకొకరి దరఖాస్తుతోనా?

"ఎర్రగడ్డలో పడేస్తాం" అనే బెదిరింపు మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా పడేయడం కుదరదు. పెద్దవాళ్లు చేరడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

86వ సెక్షన్ కింద 18 ఏళ్లు నిండినవాళ్లు తామే అడిగి చేరొచ్చు. ఇంటివాళ్ల సంతకం అక్కర్లేదు. వెళ్లిపోతానంటే పంపించాలి. పరిస్థితి బాగాలేదనిపిస్తే డాక్టరు 24 గంటలు ఆపగలరు, అదీ రెండో దారి అవసరమా అని చూడటానికే.

ఆ రెండో దారి 89వ సెక్షన్. దీనికి నామినేటెడ్ ప్రతినిధి, అంటే రోగి తరఫున వ్యవహరించే మనిషి, దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టే అయ్యుండాలి. తనకో ఎదుటివారికో హాని చేసే ప్రమాదమో, తన బాగోగులు చూసుకోలేని ప్రమాదకర స్థితో కనబడాలి. "మాట వినట్లేదు", "వాణ్నే పెళ్లి చేసుకుంటానంటోంది" అనేవి జబ్బు లక్షణాలు కావు! ఇలా ఉంచుకునే గడువు 30 రోజులు. చేర్చుకున్న సంగతి ఏడు రోజుల్లో, ఆడవాళ్లయితే మూడు రోజుల్లోనే, ఇలాంటి చేరికలను పరిశీలించే రివ్యూ బోర్డుకు చెప్పాలి. రోగి కూడా బోర్డుకు మొరపెట్టుకోవచ్చు.

నన్నడిగితే మొదటిదే మేలు. మందుల మీద నమ్మకం కుదిరేది అడిగి చేరినప్పుడే. కానీ మనిషి అన్నం నీళ్లు మానేసి మూలన కూర్చుంటే రెండోది తప్పదు. తేరుకున్నాక ఇష్టమైతే మొదటి పద్ధతిలో కొనసాగొచ్చు.

ప్రతినిధి ఎవరో మాత్రం బాగున్నప్పుడే తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి ఉంచుకోండి. ఆ పేరును తర్వాత మార్చుకోవచ్చు కూడా.