మా పొలం సేవ్ ఫైల్ పోయి ఎలా తిరిగొచ్చిందో, ఇప్పుడు లుడుసావి ఎందుకు వాడుతున్నానో

లుడుసావి అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, పీసీ గేముల సేవ్ ఫైల్స్‌ని, అంటే ఆటలో మనం ఎక్కడిదాకా వచ్చామో దాచి ఉంచే ఫైళ్ళని, బ్యాకప్ తీసి పెట్టడమే దాని పని. ఫ్రీ, ఓపెన్ సోర్స్, యాడ్స్ లేవు, అకౌంట్ పెట్టుకోమని అడగదు. ఏడాది పైనుంచి వాడుతున్నా, 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా. కానీ ముందు దీని దాకా ఎందుకొచ్చానో చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడే సేవ్ పోయి ఏం చెయ్యాలో తోచక ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి రివ్యూ కన్నా ముందు ఆ ముక్క కావాలి.

నేనూ మా చెల్లీ స్టార్‌డ్యూ వ్యాలీ ఆడతాం. 2016లో వచ్చిన ఆట, ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి కోడు, బొమ్మలు, మ్యూజిక్ అన్నీ తనే చేశాడు. పాడుబడ్డ పొలం బాగుచేసుకోవడం, విత్తనాలు వేసుకోవడం, కోళ్ళనీ ఆవులనీ చూసుకోవడం, ఊళ్ళోవాళ్ళతో పరిచయాలు పెంచుకోవడం, అంతే ఆట. చెల్లి పెళ్ళయి డల్లాస్ వెళ్ళిపోయాక మేమిద్దరం తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకునేది ఆ పొలంలోనే. ఎండాకాలంలో మనకి ఆదివారం పొద్దున ఏడున్నర అంటే దానికి శనివారం రాత్రి తొమ్మిది, వాళ్ళాయన పడుకున్నాక అది, మా ఇంట్లో ఇంకెవరూ లేవకముందు నేను, కాల్ ఆన్ చేసి నీళ్ళు పెట్టుకుంటూ మాట్లాడుకుంటాం. పొలానికి అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు పెట్టాం. ఇక్కడ ఒక సంగతి తెలియాలి, కలిసి ఆడినా సేవ్ మాత్రం పొలం ఎవరిదో వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటుంది, అంటే చెల్లి ఇల్లు, చెల్లి పెట్టెలు, చెల్లి సంపాదించినవి అన్నీ మల్కాజ్‌గిరిలో నా సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయన్నమాట, దాని దగ్గర కాపీ ఏమీ ఉండదు.

పోయినేడు మే నెలలో ఒక సాయంత్రం నేనొక్కదాన్నే ఆడుతున్నా, బయట గాలివాన మొదలైంది. ఈ ఆటలో మధ్యలో సేవ్ చేసుకోవడం ఉండదు, రాత్రయి మంచమెక్కి పడుకుంటేనే సేవ్. సరిగ్గా పడుకుని సేవింగ్ అని వస్తున్నప్పుడు కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్యిమని ఒక్క కూత కూసి అది కూడా ఆగిపోయింది, బ్యాటరీ అయిపోయిందని నాకు అప్పటిదాకా తెలీదు. రెండు గంటల తర్వాత కరెంటొచ్చి ఆట తెరిస్తే లోడ్ లిస్టులో మా పొలం లేదు. నేను టెస్ట్ కోసం పెట్టుకున్న వేరే పొలం ఉంది, మాది లేదు. మూడేళ్ళ పొలం, ఆటలో ఏడాదంటే 112 రోజులు, ఒక్కో రోజు దాదాపు 14 నిమిషాలు, లెక్కేసుకోండి. చెల్లికి ఏం చెప్పాలో అర్థంకాక చాలాసేపు ఆ లిస్టునే చూస్తూ కూర్చున్నా.

ఇప్పుడు అసలు విషయం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి %యాప్‌డేటా% అని కొడితే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందులో స్టార్‌డ్యూ వ్యాలీ, అందులో సేవ్స్. అక్కడ పేరు, దాని పక్కన అండర్‌స్కోర్, ఒక పెద్ద నంబరుతో మీ ఫోల్డర్ కనిపిస్తుంది. లోపల అదే పేరుతో ఒక పెద్ద ఫైల్, సేవ్‌గేమ్‌ఇన్ఫో అని ఒక చిన్న ఫైల్, ఈ రెండూ ముఖ్యం. చిన్నది పాడైతే లిస్టులో పొలమే కనపడదు, పెద్దది పాడైతే పేరు కనపడుతుంది కానీ లోడ్ అవ్వదు. నావి రెండూ పోయాయి. సైజు చూస్తే మామూలుగానే ఉంది, ఎంబీలు ఎంబీలు ఉంది, హమ్మయ్య అనుకుని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచా. మామూలుగా అయితే ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మాటతో మొదలై మన పేరు, డబ్బులు, పంటలు అన్నీ చదవగలిగేట్టు ఒకే పొడుగాటి లైన్‌లో ఉంటాయి. నాకు కనిపించింది నల్లటి చిన్న డబ్బాలు, ఒక్కో డబ్బాలో నల్ అని (అంటే ఉత్త సున్నా), నల్ నల్ నల్ అని స్క్రీన్ చివరిదాకా, స్క్రోల్ చేస్తే ఇంకా అవే.

అలా ఎందుకవుతుందంటే, ప్రోగ్రామ్ ఫైల్ రాయమన్న వెంటనే విండోస్ దాన్ని డిస్క్ మీద రాసెయ్యదు, కాసేపు మెమరీలో ఉంచుకుని తర్వాత రాస్తుంది. ఫైల్ పేరు, సైజు లాంటి వివరాలకి మాత్రం ఎన్‌టీఎఫ్ఎస్‌లో (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళని సర్దిపెట్టుకునే పద్ధతి అది) జర్నల్ అనే చిట్టా కాపలా ఉంటుంది, లోపలి సరుకుకి ఆ కాపలా లేదు. మధ్యలో కరెంటు పోతే సైజు రిజిస్టర్‌లో ఎక్కేస్తుంది, సరుకు గోడౌన్‌కి చేరదు. అందుకే సైజు సరిగ్గా ఉండి లోపల అన్నీ సున్నాలే ఉంటాయి. ఆ సున్నాల్లోంచి ఏ రిపేర్ టూలూ ఏమీ బయటికి తియ్యలేదు, ఎవరైనా ఫైల్ రిపేర్ చేసిస్తామని డబ్బులడిగితే ముందు ఇది చూసుకోండి.

కానీ ఆట చేసినాయన ముందుచూపున్న మనిషి. అదే ఫోల్డర్‌లో ఆ రెండు ఫైళ్ళ పేర్ల చివర అండర్‌స్కోర్ ఓల్డ్ అని ఇంకో రెండు ఉంటాయి, అవి అంతకుముందు రోజు సేవ్. ముందు మొత్తం ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకోండి, ఇది మాత్రం మానకండి, తర్వాత ఏ తప్పు చేసినా వెనక్కి రావచ్చు. తర్వాత ఓల్డ్ ఫైల్ తెరిచి ఎక్స్‌ఎమ్‌ఎల్ అక్షరాలు ఉన్నాయా లేక నల్ డబ్బాలేనా చూసుకోండి. బాగుంటే పాడైన రెండింటినీ ఫోల్డర్ బయటికి తీసేసి, ఓల్డ్ ఉన్న రెండింటి పేర్లలోంచి అండర్‌స్కోర్‌తో సహా ఆ ఓల్డ్ మాట తీసెయ్యండి, రెండూ మార్చాలి, ఒక్కటే మారిస్తే లాభం లేదు. నాది తెరుచుకుంది. పోయింది ఆటలో ఒక్క రోజు. లిస్టులో అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు కనపడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజం చెప్తున్నా. మోడ్స్ (ఆటకి బయటివాళ్ళు చేసిపెట్టే మార్పులు) కోసం స్మాపి అనే ప్రోగ్రామ్ వాడేవాళ్ళకైతే ఇంకో దారి కూడా ఉంది, గేమ్ ఫోల్డర్‌లో సేవ్ బ్యాకప్స్ అని ఒకటుంటుంది, అందులో చివరి 10 బ్యాకప్‌లు ఉంటాయి, నేను అప్పట్లో స్మాపి వాడట్లేదు.

క్లౌడ్ ఉంది కదా అంటారు చాలామంది. క్లౌడ్ సింక్ పని ఇక్కడున్నదీ అక్కడున్నదీ ఒకేలా ఉంచడం, ఇక్కడ కొత్త ఫైల్ పాడైపోయి ఉంటే ఆ పాడైందే పైకి వెళ్తుంది. అది బ్యాకప్ కాదు.

ఆ రాత్రే లుడుసావి దించుకున్నా. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే చాలు, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలో నడుస్తుంది, స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీలో కూడా. ప్రివ్యూ నొక్కితే సిస్టమ్ మొత్తం వెతికి ఏ గేమ్ సేవ్ ఎక్కడుందో లిస్ట్ చూపిస్తుంది. ఇదే దీంట్లో గొప్ప, ఎందుకంటే ఒక గేమ్ డాక్యుమెంట్స్‌లో పెడుతుంది, ఒకటి యాప్‌డేటాలో, ఒకటి సేవ్డ్ గేమ్స్‌లో, ఒకటి తన ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోనే, మనం ఎక్కడని వెతుకుతాం. పీసీ గేమింగ్ వికీలో జనం ఏళ్ళ తరబడి రాసిపెట్టిన సమాచారాన్ని ఇది వాడుకుంటుంది, వేల గేములు దానికి తెలుసు. నా సిస్టమ్‌లో 31 దొరికాయి, అందులో మా చెల్లి పెళ్ళికి ముందు నా కంప్యూటర్‌లో ఆడి సగంలో వదిలేసిన ఒక గేమ్ కూడా ఉంది, అది నాకు గుర్తే లేదు. తర్వాతి సారి స్కాన్ చేస్తే కొత్తగా వచ్చినవాటికి ప్లస్ గుర్తు, మారినవాటికి చిన్న త్రిభుజం గుర్తు వస్తుంది, ఏది మారిందో చూసి తెలిసిపోతుంది. లిస్టులో లేని గేమ్‌కి ఫోల్డర్ మనమే చూపించి కస్టమ్‌గా చేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ అర మార్కు. మొదట వచ్చినప్పుడు సెట్టింగ్ ఎలా ఉంటుందంటే ఒక్కో గేమ్‌కి ఒక్క ఫుల్ బ్యాకప్ మాత్రమే ఉంచుకుంటుంది. అంటే సేవ్ పాడైన సంగతి మీకు తెలిసేలోపు బ్యాకప్ ఇంకోసారి నడిస్తే ఉన్న మంచి కాపీ పోయి నల్ డబ్బాల కాపీ వచ్చి కూర్చుంటుంది, ఫైల్ బాగుందో లేదో ఇది చూడదు, ఉన్నది ఉన్నట్టు తీసి పెడుతుంది అంతే. దించుకున్న వెంటనే సెట్టింగ్స్‌లోకెళ్ళి ఫుల్ బ్యాకప్‌ల సంఖ్య పెంచండి, నేను 5 పెట్టా. అసలు మొదటే 3 అయినా ఉండాల్సింది అని నా అభిప్రాయం. ఇంకోటి, రోజూ దానంతటదే నడవాలంటే ఆ ఏర్పాటు దాంట్లో లేదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మనమే పెట్టుకోవాలి, నేను రాత్రి 11 గంటలకి పెట్టా, బయటి హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళేట్టు. గూగుల్ డ్రైవ్‌లోకి కావాలంటే ఆర్‌క్లోన్ అనే ఇంకో ప్రోగ్రామ్ తోడు కావాలి, మొదటిసారి పెట్టుకోవడం కొంచెం ఓపిక పని.

ఇదంతా నిజంగా పనికొచ్చింది అక్టోబర్‌లో. ఒక ఆదివారం పొద్దున చెల్లీ నేనూ ఆడాం, సాయంత్రం సిస్టమ్ ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌డీనే కనపడలేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి దాన్ని వేరే సిస్టమ్‌కి పెట్టి చూసి, "అక్కా, ఇది డెడ్ అక్కా, లోపల ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా?" అన్నాడు. ఈసారి గుండె జారలేదు. కొత్త డిస్క్ వేయించుకుని, విండోస్ ఎక్కించుకుని, హార్డ్ డిస్క్ తగిలించి లుడుసావిలో రీస్టోర్ పేజీకి వెళ్ళా.

అక్కడ ఒక చిక్కొచ్చింది, ఇది గుర్తుపెట్టుకోండి. పాత విండోస్‌లో నా యూజర్ పేరు ఒకటి, కొత్తదాంట్లో ఇంకొకటి. లుడుసావి ఏ దారిలోంచి తీసిందో అదే దారిలో పెడుతుంది కాబట్టి పాత పేరుతో ఫోల్డర్ సృష్టించి అందులో పెడుతుంది, గేమ్ అక్కడ వెతకదు. దీనికి రీడైరెక్ట్స్ అని ఉంది, పాత యూజర్ ఫోల్డర్ దారి ఒక గడిలో, కొత్తది ఇంకో గడిలో రాస్తే సరైన చోటికి పంపిస్తుంది. ముందు ప్రివ్యూ చూసి దారులు సరిగ్గా ఉన్నాయనుకున్నాకే రీస్టోర్ నొక్కా. 31 గేములు, రెండు నిమిషాలు పట్టలేదు.

బ్యాకప్ శనివారం రాత్రి 11ది, అంటే ఆదివారం పొద్దున ఆడిన నాలుగు రోజులు అందులో లేవు. ఇప్పుడు స్టీమ్‌లో (గేములు కొనుక్కుని ఆడే యాప్) ఈ ఆట లాంచ్ ఆప్షన్స్‌లో లుడుసావి ర్యాప్ కమాండ్ పెట్టుకున్నా, ఆట మూసెయ్యగానే బ్యాకప్ తీయాలా అని అడుగుతుంది, మీరు కూడా షెడ్యూలర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి.

తర్వాతి ఆదివారం చెల్లి జాయిన్ అయింది. ఆటలో శరదృతువు 13వ తారీఖు. మేము 1న వేసిన గుమ్మడి 13 రోజుల పంట, 14న కోతకొస్తుంది, పోయిన వారం ఒకసారి కోసేశాం. "అక్కా, ఇవి మళ్ళీ ఉన్నాయేంటి?" అంది. జరిగింది చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తన ఇంట్లోకెళ్ళి పెట్టెలన్నీ తెరిచి చూసుకుని వచ్చింది, అన్నీ ఉన్నాయట. ఇద్దరం పడుకుని లేచి 14వ తారీఖు పొద్దున అవే గుమ్మడికాయలు రెండోసారి కోశాం, ఎడమవైపు వరసలు అది, కుడివైపు నేను.