తరంగంబాడి: ఎవరి నోట ఎలా పలికితే అలా నిలిచిన ఊరు

తమిళనాడులోని తిరుక్కడైయూరుకు షష్టిపూర్తి కోసం మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు. అభిరామి అమ్మవారి సన్నిధిలో వేడుక జరిపించుకుని, భోజనాలు కాగానే తిరుగు ప్రయాణం కడతారు. అక్కడికి పది కిలోమీటర్ల లోపే సముద్రపుటొడ్డున తరంగంబాడి ఉంది. మా బాబాయిగారి షష్టిపూర్తికి వెళ్లినప్పుడు మేం పట్టుబట్టి అక్కడ ఒక రాత్రి ఉన్నాం. మీరూ ఉండండి.

ఈ ఊరి పేరును ‘పాటపాడే అలల ఊరు’ అని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ తమిళంలో పాడి అంటే ఊరనే అర్థం కూడా ఉంది, వాణియంబాడిలో ఉన్నట్టు. ఒడ్డునే ఉన్న మాసిలామణినాథర్ ఆలయ శాసనంలో ఊరి పాత పేరు సడంగన్‌పాడి. మరి అలలు ఈ పేరులోకి తర్వాత వచ్చి చేరాయేమో! పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లలో పాండ్యులు కట్టించిన ఈ గుడి ముందు భాగాన్ని సముద్రం తినేసింది. మిగిలిన గోడల అడుగున ఉప్పుగాలికి ఒరిసిపోయిన ఇటుకలు వేలితో తాకితే పొడిగా రాలతాయి.

1620లో డేన్లు వచ్చి, తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో ఇక్కడ కోట కట్టారు. ఈ రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన మన కవిరాజే. డెన్మార్క్ రాజుకు ఆయన బంగారు రేకు మీద పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. డేన్ల నోట ఊరి పేరు ట్రాంకెబార్ అయింది. 1845లో వారి దగ్గర కొనుక్కున్న ఆంగ్లేయులు ట్రాంక్విబార్ అన్నారు. కోటకు డేన్లు పెట్టుకున్న పేరు డాన్స్‌బోర్గ్. ఊళ్లో ఆ మాట అడిగితే ఎవరూ దారి చెప్పలేదు. ‘డేనిష్ కోట్టై’ అనగానే ఆటోవాలా నేరుగా తీసుకెళ్లాడు. కోటలోని మ్యూజియం చిన్నదే. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

నాకు అన్నిటికంటే నచ్చింది కింగ్ స్ట్రీట్. 1792 నాటి తెల్లటి నగర ద్వారం దాటి నడిస్తే, 1701 నాటి జియోన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి ఒకే వీధిలో కనిపిస్తాయి. రెండో చర్చి ముఖభాగాన కిరీటం కింద డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పేరులోని అక్షరాలు పెనవేసుకుని ఉన్నాయి. దాన్ని కట్టించిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ 1719లో చనిపోయి అక్కడే సమాధి అయ్యాడు. తమిళ బైబిలు కొత్త నిబంధనను ఈ ఊళ్లోనే అచ్చువేయించింది ఆయనే. ఆయన చనిపోయిన ఏడాదే వచ్చిన మరో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తెలుగు పుస్తకాలు 1740లలో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. అప్పటి ఐరోపావారు మన భాషను ‘జెంతూ’ అనేవారు, తమిళులు ‘వడుగు’ అనేవారు. మనకే తెలియని పేర్లతో మనం ఇక్కడ తిరిగామన్నమాట. ఆ చర్చి ముందు చాలాసేపు నిలబడ్డాను.

బస సంగతికొస్తే, కోట పక్కనున్న పాత బంగళాను హోటల్‌గా మార్చారు. ఖరీదు ఎక్కువే. కానీ వరండాలో కూర్చుంటే సముద్రం తప్ప మరేదీ అడ్డురాదు. ఒక రాత్రికైతే డబ్బుకు తగ్గ అనుభవమే. తిరుక్కడైయూరు లాడ్జీలు ముహూర్తాల రోజుల్లో కిక్కిరిసి ఉంటాయి. మేం ముందు దిగిన ఒకదాంట్లో దుప్పట్లు మార్చమని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. తక్కువ ఖర్చులో కావాలంటే పక్కనే పుదుచ్చేరికి చెందిన కారైకాల్ ఉంది, గదులు సులభంగా దొరుకుతాయి. తరంగంబాడిలో రాత్రి భోజనానికి హోటళ్లు చాలా తక్కువ, ముందే చెప్పి వండించుకోవాలి.

మయిలాడుదురై వరకు రైలు, అక్కడి నుంచి బస్సు. ఆ ఊరికీ మాయవరమని పాత పేరుంది, వయసు మళ్లినవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఒకప్పుడు అక్కడి నుంచి తరంగంబాడికి మీటర్‌గేజి రైలు నడిచేది. 1986లో ఆపేశారు. దాన్ని మళ్లీ వేస్తే ఈ తీరానికి ఎంతో మేలు జరుగుతుంది. వెళ్లేవారు తెల్లవారుజామున గుడి, పొద్దున కోట, ఎండ తగ్గాక వీధులు చూసుకునేలా అనుకోండి. మధ్యాహ్నం అక్కడ నీడ దొరకదు.