సబ్‌వూఫర్ కొనబోతున్నారా? ‘ఇంకా పెద్దది తీసుకోండి’ అనే షాపుతో జాగ్రత్త

గుంటూరు, విజయవాడల్లో హోమ్ థియేటర్‌కి సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన గుడగుడ శబ్దాల కోసమే ఉండే స్పీకర్ పెట్టె) కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పండగ ఆఫర్లు మొదలైతే ఈ వ్యవహారం ఇంకా జోరుగా సాగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. షాపులో మోగించి చూపించిన పెట్టె, ఇంటికి వచ్చే పెట్టె ఒకటే అనుకోకండి. దానికంటే ఖరీదైన మోసం తర్వాత ఉంటుంది. ఇంట్లో బేస్ సరిగ్గా రావట్లేదని ఫోన్ చేస్తే, ఎక్కడ పెట్టారో కూడా అడగకుండా “సైజు చాల్లేదు సార్, పెద్దదానికి మారిపోండి” అంటారు.

షాపు విజయవాడలోది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయను. మా ఫ్లాటు గుంటూరు బ్రాడీపేటలో. ఉన్న రిసీవర్‌కీ (శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె), స్పీకర్లకీ తోడుగా 10 ఇంచీల కోన్ (ముందు కదిలే గిన్నె లాంటి భాగం) ఉన్న సబ్‌వూఫర్, అంటే సబ్, ఒకటి కావాలని వారధి దాటి వెళ్ళాను. డెమో బ్రహ్మాండంగా ఉంది. ఉండకేం చేస్తుంది! చిన్న అద్దాల గది, కింద కార్పెట్, సబ్‌ని మూలకి నెట్టి పెట్టారు. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని ఎత్తి ఇస్తాయి. పైగా రిసీవర్‌లో సబ్ లెవెల్ మామూలుకంటే బాగా పెంచి పెట్టారు. స్క్రీన్ మీద కనబడుతూనే ఉంది. హెలికాప్టర్ సీను, కారు పేలే సీను తప్ప ఇంకోటి వేయరు. మీరు వెళ్తే మీ ఫోన్‌లో ఉన్నదే వేయించండి. మృదంగం బాగా వినబడే కచేరీ ముక్క అయితే బండారం బయటపడుతుంది. మంచి సబ్ మీద తొప్పి (మృదంగంలో లోతుగా మోగే వైపు) దెబ్బ పడి, ఆగి, మళ్ళీ పడుతుంది. నాసిరకం దాని మీద ఒక దెబ్బ పూర్తికాకముందే ఇంకోటి వచ్చి అంతా ఒకటే గుడగుడ అయిపోతుంది.

డెమో పీసు వెనక ప్లేటు మీద 220–240 వోల్ట్లు, 50 హెర్ట్జ్ అని ఉంది. ఆ ప్లేటుని ఫోటో తీసి ఉంచాను. తర్వాత అదే పనికొచ్చింది. సీలు పెట్టె నేను ఆఫీసులో ఉండగా ఇంటికి వచ్చింది. దానితోపాటు బరువైన నల్ల డబ్బా ఒకటి. అమ్మ అది కూడా స్పీకరే అనుకుని టీవీ పక్కన నీటుగా సర్దింది. తీరా చూస్తే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. కొత్త సబ్ వెనక ప్లేటు మీదేమో 120 వోల్ట్లు, 60 హెర్ట్జ్.

అంటే అమెరికా మార్కెట్ కోసం తయారైన సరుకు. దాన్ని మన 230 వోల్ట్ల ప్లగ్గులో నేరుగా పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదంటే లోపలి పవర్ సప్లయే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో నడుస్తుంది, నిజమే. కానీ ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టేటప్పుడు గోడకి పెట్టారంటే సబ్‌కి పెట్టిన 42 వేలు అక్కడితో ఆఖరు. కొన్ని మోడల్స్‌కి 100–240 వోల్ట్లు అని రాసి ఉంటుంది, వాటితో ఈ బెడద లేదు. అందుకే నోటిమాట వినకుండా ప్లేటు చదవాలి. సీరియల్ నంబరు చెప్పి కంపెనీ సర్వీసువాళ్ళని అడిగితే, ఇది ఇండియాలో మా ద్వారా అమ్మింది కాదు, వారంటీ వర్తించదు అన్నారు. షాపువాడు ఇచ్చిన వారంటీ కార్డు మీద ఉన్నది షాపు రబ్బరు స్టాంపు ఒక్కటే.

ఇంకో గుర్తు అట్టపెట్టె మీదే ఉంటుంది. దిగుమతి సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, చిరునామా, ఎమ్మార్పీ పెట్టె మీద ఉండాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. మా పెట్టె మీద అవేవీ లేవు. షాపుకి ఫోన్ చేస్తే, “గురువుగారూ, లోపల సరుకు ఒకటే, వోల్టేజీ ఒక్కటే తేడా. మీరు టెన్షన్ పడకండి” అన్నాడు. వాపసు అడిగితే బిల్లు కింద అచ్చు వేసిన వాక్యం చూపించాడు, ఒకసారి అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదని. రెండు ప్లేట్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి వాట్సాప్ చేసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక ఇండియా పీసు పంపాడు. నల్ల డబ్బా మాత్రం చాలా జాగ్రత్తగా అడిగి పట్టుకెళ్ళాడు. ఇంకెవరికి అంటగట్టాడో.

ఇక ఫిట్టింగ్ కథ. వచ్చిన కుర్రాడు హాలు ఒకసారి చూసి, టీవీ యూనిట్ కింద కార్పెంటరు చేసిన గూట్లోకి సబ్‌ని తోసేశాడు. చూడటానికి బాగుంటుందట. ఆ సబ్‌కి గాలి గొట్టం వెనక వైపు ఉంది, ఆంప్లిఫయర్ వేడి పోయే ప్లేటూ వెనకే ఉంది. రెండూ ప్లైవుడ్‌కి ఆనుకున్నాయి. కాసేపు మోగేసరికి గూటి తలుపు టకటకా కొట్టుకోవడం మొదలైంది. దానికి తోడు బంగారు పూతదంటూ 4,500 రూపాయల కేబుల్ బిల్లులో వేశారు. సబ్‌కి వెళ్ళేది ఒక్క చానెల్, అదీ తక్కువ ఫ్రీక్వెన్సీలే, అంటే సెకనుకు కొద్దిసార్లే కంపించే లోతైన శబ్దాలే. మంచి షీల్డింగ్ ఉన్న మామూలు ఆర్సీఏ కేబుల్ చాలు. దాన్ని మాత్రం అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేశాను.

అసలు తమాషా సాయంత్రం తెలిసింది. నేను సోఫాలో కూర్చుంటే బేస్ ఉందో లేదో తెలియట్లేదు. అదే సమయంలో వెనక డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుళ్ళు వలుస్తున్న అమ్మ “ఆ గుడగుడ తగ్గించరా, గిన్నెలు కదుల్తున్నాయి” అంటోంది. షాపుకి చెబితే జవాబు రెడీగా ఉంది. “మీ హాలు పెద్దది సార్, 10 ఇంచీలు ఆనదు. 12కి మారండి, పాతది మేమే తీసుకుంటాం, పైన 23 వేలు ఇవ్వండి చాలు.” అరే, ఆనకపోతే డైనింగ్ టేబుల్ దగ్గర గిన్నెలు ఎందుకు కదులుతున్నాయి? ఈ ప్రశ్నకి ఫోన్‌లో జవాబు రాలేదు.

జవాబు గది కొలతల్లో ఉంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. దాన్ని గది పొడవుకి రెండింతలతో భాగిస్తే, ఆ పొడవులో రెండు గోడల మధ్య ఇరుక్కుపోయే మొదటి ఫ్రీక్వెన్సీ వస్తుంది. మా హాలూ డైనింగూ కలిపి 18 అడుగులు, అంటే దాదాపు 5.5 మీటర్లు. 343ని 11తో భాగిస్తే 31 హెర్ట్జ్, అంటే సెకనుకు 31 కంపనాలు. వెడల్పు 11 అడుగులు, 3.35 మీటర్లు, లెక్క వేస్తే 51 హెర్ట్జ్. ఈ ఫ్రీక్వెన్సీలు గోడల దగ్గర బలంగా ఉంటాయి, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతాయి. మా సోఫా టీవీకి 9 అడుగుల దూరంలో ఉంది, నేను కూర్చునేది మధ్య సీట్లో. అంటే పొడవులోనూ సగమే, వెడల్పులోనూ సగమే. గదిలో బేస్‌కి అంతకంటే దరిద్రమైన చోటు ఇంకోటి ఉండదు. కిక్ డ్రమ్ దెబ్బలో బలం ఉండేది ఆ 50, 60 హెర్ట్జ్ ప్రాంతంలోనే. అక్కడ 12 ఇంచీలు పెట్టినా, 15 పెట్టినా మధ్యలో గుంట అలాగే ఉంటుంది. అమ్మకి మాత్రం గిన్నెలు ఇంకాస్త ఎక్కువ కదులుతాయి. రోజూ ఇళ్ళకి వెళ్ళి ఫిట్టింగ్ చేసేవాళ్ళకి ఇది తెలియదంటే నేను నమ్మను.

మన ఇళ్ళల్లో ఇది ఇంకా ఎక్కువ. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, కింద టైల్స్. బేస్ బయటికి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది. అమెరికాలో చెక్క ఫ్రేముల మీద పలుచని జిప్సమ్ బోర్డు కొట్టిన గోడలు దాన్ని కొంత పోనిస్తాయి. అక్కడివాళ్ళ వీడియోలు చూసి సైజు నిర్ణయించుకుంటే ఇక్కడ ఎక్కువైపోతుంది.

నేను చేసింది పాతకాలపు పద్ధతే. సబ్‌ని గూట్లోంచి లాగి సోఫా మీద, నేను కూర్చునే సీట్లో పెట్టాను. బేస్ గిటార్ మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండే పాట ఒకటి పదేపదే వేస్తూ, గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ విన్నాను. ఎక్కడ అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే బలంతో వినబడతాయో సబ్‌ని అక్కడ పెట్టాలి. సబ్ ఉన్న చోటూ వినే చోటూ తారుమారు చేసినా ఫలితం ఒకటే, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి “ఏం పోయింది బాబూ, నేనూ వెతకనా?” అంది. పక్క గోడకి, దివాన్ దాటాక ఒకచోట బాగా కుదిరింది. మూలలో మోత ఎక్కువే గానీ ఒక్క స్వరమే వాచినట్టు వినిపించింది.

సోఫా మాత్రం జరపక తప్పలేదు. గుంటలో కూర్చుంటే సబ్‌ని ఎక్కడ పెట్టినా పెద్దగా లాభం లేదు. అడుగున్నర వెనక్కి, ఒక అడుగు పక్కకి జరిపాను. టీవీకి కాస్త ఏటవాలుగా కూర్చోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. రిసీవర్‌లోని ఆటోమేటిక్ సెట్టింగ్ ఇదంతా చూసుకుంటుందిలే అనుకోవద్దు. అది వాచిన చోట తగ్గించగలదు గానీ గుంటని పూడ్చలేదు. అక్కడ పవర్ పెంచుతూ పోతే ఆంప్లిఫయరే రొప్పుతుంది.

సెట్టింగులు కూడా చూసుకోండి. ఫిట్టింగ్ కుర్రాడు రిసీవర్‌లో ముందు స్పీకర్లని ‘లార్జ్’ అని వదిలేశాడు. అంటే బేస్ అంతా వాటికే వెళ్తోంది, సబ్‌కి సినిమాల్లో విడిగా ఉండే ఎఫెక్ట్స్ చానెల్ ఒక్కటే మిగిలింది. ‘స్మాల్’కి మార్చి క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింద శబ్దం సబ్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ పెట్టండి. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్ళు ఎప్పటినుంచో చెప్పేది కూడా 80నే. ఆ కింద శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టుకోలేదు, కాబట్టి సబ్ పక్క గోడకి ఉన్నా తేడా తెలియదు. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ని ఆఖరి వరకు తిప్పేయండి, లేదంటే ఒకే పని రెండుచోట్ల జరిగి మధ్యలో కొంత బేస్ పోతుంది. ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ మిగతా స్పీకర్లతో కలిసి కదలాలా, ఎదురుగానా అని మార్చేది) 0, 180 రెండూ మార్చి వినండి, మీ సీట్లో ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. ఊరికే ఉన్నప్పుడు కూడా సబ్ హమ్మంటుంటే కేబుల్ టీవీ వైరుని సెట్‌టాప్ బాక్సు నుంచి పీకి చూడండి. చాలాసార్లు దోషి అదే, సబ్ కాదు.

ఇక కొనే దగ్గర. వాట్లు చెబితే ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) ఎంత అని అడగండి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ అని చెప్పుకునేది) అనే అంకెకి ఏ ప్రమాణమూ లేదు, దాని పక్కన ఎన్ని సున్నాలైనా పెట్టొచ్చు. ‘20 హెర్ట్జ్ నుంచి’ అని పెట్టె మీద రాసి ఉంటే, ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్‌లోనా, అంటే అక్కడ కూడా మోత మిగతావాటితో ఇంచుమించు సమానమేనా అని అడగండి. ఆ మాట లేకపోతే ఆ 20కి అర్థం లేదు. ఒక ఫ్రీక్వెన్సీకి సగానికి దిగి అంతే మోత రావాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. చిన్న పెట్టెలో అది అంత తేలిగ్గా కుదరదు. సీటీఏ–2010 (సబ్ శబ్దం చెడకుండా ఎంత మోత ఇవ్వగలదో కొలిచే ప్రమాణం) పద్ధతిలో కొలిచిన అంకెలు కొన్ని కంపెనీలు ఇస్తాయి, పోల్చుకోవడానికి అవి నయం. 12 ఇంచీల కోన్‌కి 10 దానికంటే 44 శాతం ఎక్కువ వైశాల్యం ఉంటుంది, అది నిజమైన లాభమే, కాదనను. పెద్ద హాలు, సినిమాలే ఎక్కువ చూస్తారు, సోఫా సరైన చోట ఉంది, అయినా చాలట్లేదంటే తీసుకోండి. నన్నడిగితే ఆ 23 వేలకి ఇంకొంచెం కలిపి మామూలు 10 ఇంచీలది ఇంకొకటి కొని ఎదురెదురు గోడలకి, ఒక్కో గోడ మధ్యలో ఒక్కోటి పెట్టుకోవడం మేలు. ఒకటికి రెండు సబ్‌లు ఉంటే సీటు సీటుకీ బేస్ తేడా తగ్గుతుందని హార్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టి 2002లోనే కొలిచి చూపించారు.

షాపు మొండికేస్తే ఏం చేయాలో కూడా రాస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. కాబట్టి ఆ అచ్చు వాక్యం చూసి వెనక్కి తగ్గకండి. విజయవాడలో కొన్నా కేసు కోసం అక్కడికి తిరగనక్కర్లేదు, మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. నా ఫిట్టింగ్ చార్జీలు 1,500 ఇంకా రాలేదు, దాని కోసమే ఇప్పుడు గుంటూరులో కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మీరు మాత్రం పక్కా జీఎస్టీ బిల్లు తీసుకుని, అందులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు రెండూ రాయించండి. అటక మీద చోటు లేకపోయినా కొన్నాళ్ళపాటు అట్టపెట్టె పారేయకండి, స్టిక్కరు ఉండేది దాని మీదే.