'హోటల్ గెస్టులకు ముందే ఎంట్రీ' అంటే తొందరపడి ఎక్కువ కట్టకండి

అమెరికాలోని ఓర్లాండోలో డిస్నీ పార్కుల కోసం హోటల్ చూస్తున్నవాళ్లు కాస్త ఆగండి. అందరికంటే ముందే లోపలికి వెళ్లొచ్చన్న ఒక్క ఆశతో రాత్రికి ఎక్కువ అద్దె కట్టి, తీరా వెళ్లాక క్యూలో నిలబడి ఉసూరుమంటున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి.

ఆ పార్కులున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఇప్పుడు హోటల్ గెస్టులకి ముందుగా దొరికేది 30 నిమిషాలే. 2021 అక్టోబరు నుంచి నాలుగు పార్కుల్లోనూ రోజూ ఇస్తున్నారు. వేల గదుల వాళ్లకీ అదే హక్కు ఉంది, చిక్కంతా అక్కడే. గంటకు 1,500 మందిని ఎక్కించే రైడ్ అనుకోండి. అరగంటలో ఎక్కేది 750 మంది. 1,500 మంది హోటల్ గెస్టులు నేరుగా అక్కడికే వస్తే, మామూలు గేటు తెరిచేసరికి ఇంకా 750 మంది లైన్లోనే ఉంటారు. బయటి హోటల్ నుంచి ఠంచనుగా టైముకి వచ్చినవాళ్లకి మొదటి నిమిషంలోనే అరగంట వెయిటింగ్. హోటల్ గెస్టే బస్సు దొరక్క ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆయనా ఆ తోకలోనే. పొద్దున్నే రైడ్ మొరాయించిందా, ఆ అరగంట గంగలో కలిసినట్టే.

పైగా అన్నీ తెరవరు. ఆ నాలుగింటిలో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ సమయంలో తెరిచేది ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ అనే రెండు భాగాలు మాత్రమే. జనం సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, ట్రాన్ అనే రైడ్‌ల దగ్గరే గుమిగూడతారు. మొదటిదానికి పిల్లలు 38 అంగుళాలు, రెండోదానికి 48 అంగుళాల ఎత్తుండాలి. మీ పిల్లలు అంత లేకపోతే ఈ సౌకర్యంలో సగం విలువ అక్కడే పోయింది. బయట ఉంటున్నవాళ్లు ఆ వైపు పోకండి, నేరుగా అదే పార్కులోని అడ్వెంచర్‌ల్యాండ్‌కి వెళ్లి జంగిల్ క్రూజ్ అనే పడవ రైడ్ ముందు కానిచ్చేయండి.

మా దృష్టిలో హోటల్ గెస్టుకి అసలు లాభం వేరే ఉంది. మామూలు క్యూ తప్పించి చిన్న లైన్లో రైడ్ ఎక్కించే లైట్నింగ్ లేన్ పాస్‌ని హోటల్ గెస్టులు చెక్-ఇన్‌కి 7 రోజుల ముందే మొత్తం బసకీ బుక్ చేసుకోవచ్చు, మిగతావాళ్లకి 3 రోజులే. పాస్‌కి డబ్బు విడిగా కట్టాలి, కానీ మంచి టైములు వాళ్లకే దొరుకుతాయి. అద్దె తేడా లెక్కేసేటప్పుడు దీన్ని కలపండి.

"పార్కుకి దగ్గర" అని రాసున్న ప్రతి హోటల్‌కీ ఈ ఎంట్రీ ఉండదు. డిస్నీ సొంత హోటళ్లతో పాటు ఎంపిక చేసిన కొన్నింటికే ఉంటుంది, అధికారిక జాబితాలో పేరు చూశాకే డబ్బు కట్టండి. గది బుకింగ్‌లో అందరి పేర్లూ చేర్పించండి. వేరే హోటల్లో దిగిన మీ బావగారి కుటుంబాన్ని మీతో పాటు లోపలికి పంపరు. కొన్ని రాత్రులు పార్కులో రెండు గంటలు అదనంగా ఉండనిచ్చేది డిస్నీ ఖరీదైన తరగతి అయిన డీలక్స్ హోటళ్లవాళ్లకి, దాన్నీ దీన్నీ కలిపి చూడకండి.

చెక్-ఇన్ రోజు గది చేతికి రాకముందే, చెక్-అవుట్ రోజు కూడా ఈ ముందస్తు ఎంట్రీ చెల్లుతుంది. అంటే రెండు రాత్రుల బుకింగ్‌కి మూడు ఉదయాలు.