గిటారులోంచి ‘చాయ్ తాగినవా’ వినపడితే

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కదలికను కరెంటుగా మార్చేది పికప్. అందులో రెండు కాయిల్స్ ఉండే రకం హంబకర్. అది కొనేముందు మనవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. అయస్కాంతం ఆల్నికోనా (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) సెరామిక్కా? రెసిస్టెన్స్ ఎన్ని కె, అంటే ఎన్ని కిలో ఓమ్‌లు? ఈ రెండూ అట్టపెట్టె మీదే ఉంటాయి. పెట్టె మీద కనపడని సంగతి ఇంకోటుంది, నా కడుపుమంటంతా దానిమీదే. లోపలి కాయిల్‌కి, అంటే చుట్టిన రాగితీగకి, మైనం సరిగ్గా పట్టించారా, లేదా?

మేముండేది తార్నాకలో, ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. గోడకి అటువైపు పదో తరగతి చదివే పిల్ల ఉంది. అందుకని ఇంట్లో నా వాయింపంతా గిటారు శబ్దాన్ని మలిచే ప్రాసెసర్ పెట్టెలోకి, అక్కణ్ణించి హెడ్‌ఫోన్‌లోకి. ఆదివారాలు చర్చిలో కూడా అంతే, ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌కి. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం. కింద రాసిన మెచ్చుకోళ్లకీ తిట్లకీ మూలం ఇక్కడే ఉంది.

గిటారు గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ మోడల్ తరహాది, ఇండొనేషియా తయారీ. దాంతో వచ్చిన పికప్‌లు నచ్చక ఆన్‌లైన్‌లో ఒక సెరామిక్ జత తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను. జత రెండు వేల లోపే, మెరిసే క్రోమ్ కవర్లు, ఒక్కోదానికి నాలుగు వైర్లు. బిగించిన మొదటి వారమే మా చర్చి కుర్రాళ్లందరికీ వినిపించాను. ‘వెచ్చగా, మందంగా ఉందిరా, ఈ డబ్బుకి ఇంతకన్నా ఏం కావాలి’ అని గట్టిగానే చెప్పాను. ఇద్దరు కొన్నారు కూడా. ఏడాది పైన ఏ ఇబ్బందీ లేదు. హెడ్‌ఫోన్‌లో నిజంగానే బాగుండేది, ఇప్పటికీ ఉంటుంది.

క్రిస్మస్‌కి మాత్రం మా చర్చివాళ్లు సౌండ్ సిస్టమ్ అద్దెకు తెస్తారు. స్టేజీ మీద మానిటర్లు, గిటారుకి విడిగా ఆంప్ (ఆంప్లిఫయర్). డిసెంబరు 24 రాత్రి ఆరాధన. కీర్తన చివర్లో శబ్దాన్ని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కి పెద్ద కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) ఒకటి వదిలాను. అది మోగుతుండగానే పాస్టరుగారు ప్రార్థనకు లేచారు. అరచెయ్యి తీగల మీద ఆనించాను. తీగలు ఆగాయి గానీ శబ్దం ఆగలేదు. సన్నగా మొదలై, గుండుసూది దింపినట్టు చెవుల్లోకి దిగే కూత. తీగల మీద చెయ్యి ఉంది కదా, ఇది నాది కాదులే అనుకున్నాను. మిక్సర్ దగ్గరి అబ్బాయికీ గాయకుల మైకుల మీదే అనుమానం. ఒక్కో ఫేడరూ (శబ్దం తగ్గించే మీట) కిందికి లాగుతూ వచ్చాడు. ముందు సోప్రానోలు పోయారు, తర్వాత కీబోర్డు పోయింది, చివరికి పాస్టరుగారి మైకు కూడా పోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. కూత మాత్రం ఉంది. కళ్లు మూసుకున్నవాళ్లు ఒక్కొక్కరే తెరిచి మా వైపు చూడసాగారు. గిటారు వాల్యూమ్ తిప్పితే అప్పుడు చచ్చింది. ఆరాధన అయ్యాక క్వయర్‌లో ఆంటీ ఒకావిడ కేకు ముక్క చేతిలో పెడుతూ, ‘ఏం బాబూ, ప్రార్థనలో కుక్కరు పెట్టిందెవరు?’ అంది.

కేబుల్ మార్చాను, పెడల్ తీసేశాను, గిటారును వేరే ఆంప్‌కి తగిలించాను. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న మీట) పెంచి ఆంప్ ఎదురుగా నిలబడితే చాలు, మళ్లీ అదే. కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అక్కడికి పట్టుకెళ్లాను. ఆయన మీటరు జోలికే పోలేదు. గిటారును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఆంప్ ఆన్ చేశాడు. బ్రిడ్జ్ పికప్ (తీగల కింది చివర ఉండేది) మీదికి వంగి, పెదవులు కవరుకి తగిలేంత దగ్గరగా పెట్టి, ‘చాయ్ తాగినవా బిడ్డా?’ అన్నాడు. ఆంప్‌లోంచి అదే మాట వచ్చింది, డబ్బాలోంచి అన్నట్టు కాస్త పీలగా, కానీ అక్షరం పోకుండా.

‘ఇంకా లేదు బాబాయ్’ అన్నాను.

‘ఇది పికప్ గాదు, మైకు. లోపల మైనం బోయలే’ అన్నాడు.

గిటార్ పికప్ పని తీగ కదలికను పట్టుకోవడం, అంతే. గొంతు దానికి వినపడకూడదు. హంబకర్‌లో పక్కపక్కనే రెండు కాయిల్స్ ఉంటాయి. పాతకాలపు గిబ్సన్ పద్ధతిలో ఒక్కోదానికి దాదాపు 5000 చుట్లు, అదీ 42 గేజ్ రాగితీగ, అంటే మందం 0.063 మిల్లీమీటర్లు. ఆ చుట్లు వదులుగా ఉంటే స్పీకర్ చప్పుడుకి అవే వణుకుతాయి. అయస్కాంత క్షేత్రంలో తీగ వణికిందంటే కరెంటు పుడుతుంది. అది ఆంప్‌కి వెళ్లి, పెద్దదై, స్పీకర్‌లోంచి మళ్లీ కాయిల్ మీదికే వస్తుంది. పైనున్న రేకు కవరు కొంచెం వదులైనా ఇదే తంతు. తీగలు మోగి వచ్చే ఫీడ్‌బ్యాక్‌కీ దీనికీ తేడా ఎలా తెలుస్తుందంటే, తీగలు నొక్కిపట్టినా ఆగకపోతే ఇదే. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే కాయిల్‌ని కదిలించే శబ్దమే గదిలో ఉండదు. అందుకే ఏడాది పైన నా చెవిన పడలేదు.

మైనం లేకపోతే పికప్ పనికిరాదని అనను. గిబ్సన్‌లో సెత్ లవర్ తయారుచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన మొదటి హంబకర్లకి మైనం లేదు. పేటెంటు 1959లో వచ్చింది. అప్పటి ఆ పికప్‌లు ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయి. గెయిన్ తక్కువగా పెట్టుకుని బ్లూస్ వాయించేవాళ్లు కొందరు మైనం లేనివే కోరి కొంటారు, అందులో జీవం ఎక్కువని. అది వాళ్లు తెలిసి ఎంచుకున్నది. నా పికప్‌లో ఉన్నది ఎంపిక కాదు, ఒక పని ఎగ్గొట్టడం. చుట్లూ వదులే, కవరూ వదులే, మైనం సున్నా.

పెద్దాయన రిపేరు నా ఎదుటే చేశాడు. ముందు వెనకవైపు కవరును పట్టి ఉంచే రెండు టంకం చుక్కలు కరిగించి కవరు ఊడదీశాడు. దాని లోపలి అంచును స్క్రూడ్రైవర్‌తో గీకి నాకు చూపించాడు. క్రోమ్ కింద పచ్చగా మెరిసింది. ఇత్తడి. మంచి కవర్లు నికెల్ సిల్వర్‌తో చేస్తారు, గీకినా తెల్లగానే ఉంటాయి. ఇత్తడిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి కవరులోనే సుడి ప్రవాహాలు పుట్టి పై స్వరాల పదును తినేస్తాయి. నేను అందరికీ చెప్పిన ‘వెచ్చదనం’లో సగం ఆ ఇత్తడిదే అన్నమాట.

తర్వాత హీటరు మీద నీళ్ల గిన్నె, అందులో చిన్న స్టీలు గిన్నె. పారఫిన్ మైనం నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు. తేనెమైనం లేకపోతే చల్లారాక పెళుసై పగులుతుందట. థర్మామీటరు 65 డిగ్రీల దగ్గర నిలిచాక పికప్‌కి దారం కట్టి ముంచాడు. కాయిల్‌లోంచి సన్నని బుడగలు బారులు తీరి పైకొస్తూనే ఉన్నాయి. అవి పూర్తిగా ఆగేదాకా తియ్యలేదు. వేడి అంతకు బాగా మించితే ప్లాస్టిక్ బాబిన్ (రాగితీగ చుట్టే చట్రం) వంకరపోతుందన్నాడు. ఇంట్లో చేద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: మైనం గిన్నెను నేరుగా స్టవ్ మంట మీద పెట్టకండి, పారఫిన్ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. ఆయన తీసుకున్నది కొన్ని వందలు, రెండు చాయ్‌లు.

కవరు తిరిగి పెట్టవద్దన్నాను. బోడిగా, నల్ల బాబిన్లు కనపడుతూ ఉన్న ఆ పికప్‌ని ఆంప్‌కి కలిపి మొదటి కార్డ్ కొట్టగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పై రెండు తీగల్లో ఇన్నాళ్లూ లేని తేటదనం. గెయిన్ పెట్టినా కార్డ్‌లో ఏ స్వరానికా స్వరం విడిగా వినపడుతోంది. పెద్దాయన మళ్లీ వంగి చాయ్ మాట ఎత్తాడు. ఆంప్ పలకలేదు. ఇప్పటికీ గెయిన్ చివరిదాకా తిప్పి స్పీకర్‌కి ఆనుకుని నిలబడితే చిన్న కీచు వస్తుంది, మా కీర్తనల్లో అంత గెయిన్ అవసరం రాదు. ఆ జత కొన్న ఇద్దరు కుర్రాళ్లకీ పెద్దాయన కొట్టు గుర్తులు చెప్పాను.

ఈ గొడవ నడుస్తుండగానే లండన్ నుంచి వస్తున్న మా బావమరిది చేత టోన్‌రైడర్ కంపెనీ ఏసీ4 పికప్ తెప్పించాను. పేరులో ఉన్నట్టే అయస్కాంతం ఆల్నికో 4. బిగించే ముందే దాని మీద వంగి నేనూ చాయ్ అడిగాను, పలకలేదు. స్వభావం మెత్తన. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా, చేతిని బట్టి మాట మారుతుంది. డిలే (ప్రతిధ్వని) వేసి పలచటి కార్డ్‌లు పరిచే మా చర్చి పాటలకి నాకిది కుదిరినంతగా ఇంకోటి కుదరలేదు. మెటల్ వాయించే తమ్ముళ్లు దీన్ని విని ‘ఇంకొంచెం తోపు కావాలన్నా’ అంటారు. నిజమే, దాని పని అది కాదు.

విల్కిన్సన్ కంపెనీ హంబకర్లు మా బేస్ గిటారిస్టు తమ్ముడి దగ్గర విన్నాను. రిహార్సల్ గదిలో డ్రమ్స్ పక్కనే, ఫుల్ వాల్యూమ్‌లో, కిక్కురుమనలేదు. కవరు తీసి చూడలేదు కాబట్టి లోపలి సంగతి చెప్పను. మన దగ్గర దొరికేవాటిలో వెతుక్కునేవాళ్లు ముందు అవి విని రావచ్చు. సేమర్ డంకన్ కంపెనీ జేబీ పికప్ ఒక స్నేహితుడి గిటారులో ఉంది. మధ్య స్వరాలు ముందుకు తోసుకొస్తాయి, లీడ్ వాయిస్తే గుంపులోంచి గొంతు విప్పి పాడుతుంది. ధర అడిగితే నేను లీడ్ వాయించడం మానేశాను.

ఇక ఆ ‘ఎన్ని కె’ సంగతి. జేబీ 16 కె దాటుతుంది, దాన్ని చూసి ‘కె ఎక్కువైతే జోరు ఎక్కువ’ అని మనవాళ్లు తేల్చేశారు. కాయిల్ తీగ సన్నదైతే చాలు, అవే చుట్లకి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అయస్కాంతం బలమెంత, చుట్లెన్ని అనేది ఆ అంకె చెప్పదు. పైగా రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి దగ్గరదగ్గర 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలో 8 కె చూపించే పికప్ మన మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 8.6 దాకా చూపిస్తుంది. ఎండాకాలం కొలిచినవాడు అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ అంకే వేస్తాడు. అందులో అబద్ధమూ లేదు.

పికప్ నుంచి వచ్చే వైర్ల రంగులు కూడా చూసుకోవాలి. డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ బయటికొచ్చే వైరు), ఎరుపు తెలుపు కలిపి టంకం, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియో కంపెనీవాటిలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలిపి, ఆకుపచ్చ గ్రౌండ్. నా సెరామిక్ జత ఈ రెంటిలో దేనికీ కలవలేదు, పెట్టెలో చీటీ కూడా లేదు. మీటరు పెట్టి, పోల్ పీసుల (తీగల కింద పికప్‌లో కనపడే ఇనుప ముక్కలు) మీద స్క్రూడ్రైవర్ ఆనించి తీస్తూ, అంకె ఎటు కదులుతుందో చూసుకుంటూ ఒక సాయంత్రం గడిచింది. రెండు కంపెనీల పికప్‌లు ఒకే గిటారులో పెట్టాలంటే ఇది తప్పదు. పోలారిటీ తేడా వస్తే రెండూ కలిపి వాయించినప్పుడు గొంతు ముక్కులోంచి వస్తుంది.

నా గిటారులో ఇప్పుడు బ్రిడ్జ్‌లో టోన్‌రైడర్, నెక్‌లో (గిటారు మెడ వైపు) కవరు లేని ఆ సెరామిక్ ఉన్నాయి. ఆ జతలో రెండోది సొరుగులో పడి ఉంది. పూర్తిగా హెడ్‌ఫోన్ మీదే వాయించేవాళ్లయితే ఆ చవక జత కొనుక్కోవద్దని చెప్పలేను, నేను సుఖంగానే వాయించాను. ఆంప్ ఎదుట నిలబడే పని ఉంటే మాత్రం కొనేముందు పికప్ మీద వంగి ఒక మాట మాట్లాడి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ వీలుండదు కాబట్టి, మైనం పట్టించింది అని రాసి ఉందా లేదా, వాపసు తీసుకుంటారా లేదా చూసుకోండి. మన ఊళ్లో మైనం ముంచి ఇచ్చే మనిషి తెలిసి ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. నాకు తెలుసు కాబట్టి నేనింత ధైర్యంగా చవకవి కొంటున్నాను.

ఇవన్నీ కొనకముందు గిటారు వెనక మూత విప్పి వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ మీట కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) విలువ ఎంతో చూడండి. హంబకర్లకి మామూలుగా 500 కె వేస్తారు. కొన్ని గిటార్లలో 250 కె ఉంటుంది, దాంతో పై స్వరాలు మొద్దుబారతాయి. అది మార్చి వింటే కొందరికి పాత పికప్‌లే చాలనిపించవచ్చు. నా దాంట్లో 500 కె యే ఉంది, నాకా అదృష్టం లేదు.