పాత జెట్‌కి చందా: ఎగరేయడానికా, మోగించడానికా, నిలబెట్టడానికా?

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధ విమానాలకి వీడ్కోలు చెప్పిన దగ్గర్నుంచి ఒడిశాలోని మా సునాబెడ టీ కొట్టు దగ్గర ఒకటే మాట, ఒక్కదాన్నైనా ఎగిరే స్థితిలో ఉంచాలి, కావాలంటే తలా కొంత వేసుకుందాం అని. ఇక్కడి హెచ్ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) ఫ్యాక్టరీలోనే వాటి ఇంజిన్లు తయారయ్యాయి, మా మావయ్య రిటైరైంది కూడా అక్కడే, కాబట్టి ఆ మాట ఊరికే పుట్టలేదు. వెయ్యో రెండు వేలో ఇవ్వడానికి నేనూ సిద్ధమే. దేనికి ఇవ్వాలన్నదే తేలట్లేదు.

ఎగరేయడం అంటే ఏంటో తెలియాలంటే బ్రిటన్‌లో ఎక్స్‌హెచ్558 నంబరున్న వల్కన్ అనే పాత జెట్ బాంబర్ కథ చూడాలి. అక్కడి వారసత్వ లాటరీ నిధి నుంచి దాదాపు 27 లక్షల పౌండ్లు, జాక్ హేవార్డ్ అనే ఆయన ఒక్కడే 5 లక్షలు, మిగతాది మామూలు జనం చందాలు, అలా 2007 అక్టోబర్ 18న మళ్లీ గాల్లోకి లేచింది. అక్కడితో ఖర్చు ఆగిందా? ఏడాదికి సుమారు 20 లక్షల పౌండ్లు కావాల్సి వచ్చేది. 2012లో టేకాఫ్‌కి పరిగెడుతుంటే లోపల మర్చిపోయిన, తేమ పీల్చే సిలికా జెల్ సంచుల్ని ఒక ఇంజిన్ మింగింది, దాని ముక్కల్ని పక్క ఇంజిన్ మింగింది, రెండూ పోయాయి. ఇది చెప్తే మావయ్య గ్లాసు కింద పెట్టేసి "ఏటిరా, సంచులు లెక్కపెట్టుకోలేదా?" అన్నాడు, ఇంకో పది నిమిషాలు అదే గొణిగాడు.

చివరికి దాన్ని ఆపింది డబ్బు కూడా కాదు. సాంకేతిక బాధ్యత తీసుకున్న కంపెనీలు ఇక మా వల్ల కాదన్నాయి, వాళ్ల సంతకం లేకపోతే ఎగరడానికి అనుమతి రాదు, 2015 అక్టోబర్‌తో సరి. అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్‌లోనే షోరమ్ ఎయిర్‌షోలో పాత హంటర్ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది పోయారు. మన మిగ్ ఒంటి ఇంజిన్‌ది, గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో దిగేది. నాకైతే తల్చుకుంటేనే టెన్షన్.

నిలబెట్టడం తేలిక. వైజాగ్ బీచ్‌లో టీయూ-142 అనే పాత నేవీ విమానం ఉంది కదా, 2017 డిసెంబర్ నుంచి మ్యూజియం. పిల్లలు లోపలికెళ్లి చూస్తారు, అది మంచిదే, కానీ ఇంజిన్లని పరీక్షించే టెస్ట్‌బెడ్ మీద ఆ అరుపు విన్నవాళ్లకి ఆ నిశ్శబ్దం రుచించదు.

మూడోది మనవాళ్లెవరూ ఎత్తని మాట. బ్రిటన్‌లోనే వెల్స్‌బోర్న్‌లో ఎక్స్ఎమ్655 అనే ఇంకో వల్కన్ ఉంది, దాన్ని వాలంటీర్లు చూసుకుంటారు, నాలుగు ఇంజిన్లూ మోగిస్తారు, రన్‌వే మీద పరిగెత్తించారు కూడా, గాల్లోకి మాత్రం లేపరు. ఎగరదు కాబట్టి ఎగిరే అనుమతుల గొడవ లేదు, ఖర్చు ఎగరేయడానికయ్యేదాంట్లో కొంతే, అయినా చప్పుడూ కిరోసిన్ వాసనా నేల అదురూ అన్నీ ఉంటాయి. నా డబ్బు దీనికే.

మావయ్య ఒప్పుకోలేదు, "లేవనిదానికి రెక్కలెందుకురా" అంటాడు. అయితే వెళ్తూ వెళ్తూ ఒకటి చెప్పాడు: ఎవరు చందా అడిగినా ముందు ఆ ఇంజిన్‌కి ఇంకా ఎన్ని గంటల లైఫ్ మిగిలిందో అడుగు, వెంటనే చెప్పలేకపోతే జేబులో చెయ్యి పెట్టకు.