ఎస్టీమ్డా, రెప్యూటెడా: దరఖాస్తులో ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వచ్చేవాళ్ళలో బీటెక్ ఫైనలియర్ పిల్లలే ఎక్కువ. క్యాంపస్ సెలక్షన్లు మొదలయ్యాయంటే చాలు, ఫోన్లలో దరఖాస్తులు పట్టుకుని నా బల్ల చుట్టూ మూగుతారు. ప్రశ్న మాత్రం ఏటా అదే. ‘‘మేడం, యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్ అని రాయాలా, యువర్ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్ అనా?’’

పేరున్న సంస్థ అని చెప్పడమే వాళ్ళ ఉద్దేశం. ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్ళు చదివితే రెండూ చెల్లిపోతాయి. పేచీ అంతా ఆ దరఖాస్తు సముద్రం దాటినప్పుడే.

రెప్యూటెడ్ అనగానే ఇంగ్లండులో, అమెరికాలో ముందు తట్టే అర్థం ‘అని అంటారు’. మన ‘అట’ ఉంది చూడండి, అదన్నమాట. ‘ఆయనకు పాతికెకరాలు ఉన్నాయట’ అన్నామంటే ఆ పొలం మనం కొలవలేదనేగా! గుంటూరు మిర్చి యార్డు ఈజ్ రెప్యూటెడ్ టు బి ది లార్జెస్ట్ ఇన్ ఏషియా అంటే, ఆసియాలో అదే పెద్దదని పేరు, అంతవరకే. లెక్క తేల్చి చెప్పినట్టు కాదు. వాళ్ళ పాత కోర్టు కాగితాల్లో రెప్యూటెడ్ ఫాదర్ అని కనిపిస్తుంది. పేరుమోసిన తండ్రి అనుకునేరు! పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకు తండ్రని జనం చెప్పుకునే మనిషి. నిఘంటువుల్లో ‘పేరున్న’ అనే అర్థం కూడా ఉంది, కాదనను. కానీ ఉద్యోగం అడుగుతూ ‘మీది మంచి కంపెనీయేనట’ అన్నట్టు వినబడే మాట మనకెందుకు? రెప్యూటెడ్‌ను పక్కన పెట్టడానికి నాకు ఇదొక్కటే చాలు.

ఎస్టీమ్డ్‌లో ఆ అనుమానానికి చోటు లేదు. విలువ కట్టడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన కాంట్రాక్టర్లు రోజూ వాడే ఎస్టిమేట్‌కు తోబుట్టువు. విలువ తెలిసి గౌరవించడం అన్నమాట.

చిక్కల్లా పలకడంలోనే. మొన్నీమధ్య మాక్ ఇంటర్వ్యూలో తెనాలి నుంచి వచ్చే అబ్బాయి ఒకడు ‘ఎస్టీమెడ్’ అన్నాడు. వాడి తప్పేం లేదు, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి నోరు అచ్చును వెతుక్కుంటుంది.

‘‘బాబూ, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీని ఏమంటావు?’’

‘‘స్టీమ్డ్ ఇడ్లీ, మేడం.’’

‘‘మీ తాతయ్య స్కూల్‌ని ఏమంటారు?’’

‘‘ఇస్కూలు.’’

‘‘ఆ ‘ఇ’ తెచ్చి స్టీమ్డ్ ముందు పెట్టు.’’

‘‘ఇస్టీమ్డ్!’’

క్లాసంతా గొల్లుమంది. కానీ సరైన పలుకుబడి అదే. ‘టీ’ని నొక్కి పలకాలి, చివర ‘డ్’ అని ఆపేయాలి. ‘మెడ్’ లేదు, ‘మిడ్’ లేదు. రెప్యూటెడ్‌లో మాత్రం చివరి ఈడీ (ed) అక్షరాలకు ముందు ‘ట్’ శబ్దం ఉంది కాబట్టి ‘రిప్యూటిడ్’ అని వినిపించాలి. (కోర్టులో వకీళ్ళు మై లర్నెడ్ ఫ్రెండ్ అంటారే, అది ఈ లెక్కకు లొంగదు. ‘లర్న్డ్’ అనకూడదు, ‘లర్నిడ్’ అనాలి.)

ప్రెస్టీజియస్ కూడా అడుగుతుంటారు. అవార్డులకు, స్కాలర్‌షిప్పులకు బాగుంటుంది. రినౌన్డ్ అయితే డాక్టర్లకు, సంగీత విద్వాంసులకు నప్పుతుంది. స్పెల్లింగ్‌లో ‘కె’ అక్షరం దూర్చకండి.

ఎస్టీమ్డ్ మేలన్నాను కదా అని కుమ్మరించకూడదు. ఎంఎస్‌కు అమెరికా యూనివర్సిటీకి అప్లై చేస్తున్న అమ్మాయి ఒకే పేజీలో యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ అని నాలుగుసార్లు రాసుకొచ్చింది. ఎర్ర పెన్నుతో నాలుగూ కొట్టేసి, ఆ చోట యూనివర్సిటీ పేరు రాయమన్నాను. అక్కడివాళ్ళు చూసేది తమ గురించి ఈ పిల్ల ఏం చదివిందన్నదే.

‘‘పేరు పెట్టి రాస్తే గౌరవం తగ్గదా మేడం?’’

‘‘పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే తప్పు గానీ, యూనివర్సిటీని పిలవొచ్చమ్మా.’’

తలూపింది. మర్నాడు తెచ్చిన కాపీలో మూడుచోట్ల పేరు పెట్టింది. ఆఖరి పేరాలో మాత్రం ఎస్టీమ్డ్ అలాగే ఉంది.